మూడో నంబర్ కాయిల్

మొన్న మే నెలాఖర్లో, రోహిణి కార్తె ఎండల్లో, ఒంగోలులో మా మేనత్త మనవరాలి పెళ్ళి చూసుకుని నెల్లూరు తిరిగొస్తుంటే టంగుటూరు దాటాక మా బండి వణికింది. వణికిందంటే గతుకుల రోడ్డు మీద ఊగినట్టు కాదు. ముందు గ్రానైట్ బండలు వేసుకుని లారీ పోతోంది, దాన్ని దాటుదామని యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాను, తొక్కగానే ముందుకు దూకాల్సిన బండి ఎక్కిళ్ళు పట్టినట్టు ఎగిరెగిరి పడింది. సీటు కింద దడదడ, స్టీరింగ్‌లో దడదడ, మీటర్ బోర్డులో పసుపు రంగు ఇంజన్ గుర్తు వెలిగి ఆరి, వెలిగి ఆరి కొట్టుకోవడం మొదలుపెట్టింది.

వెనక సీట్లోంచి మా అమ్మ, "నాయనా, ఎందుకిట్టా వణకతా ఉంది బండి?" అంది.

అమ్మకి డెబ్బై రెండేళ్ళు. మోకాలి ఆపరేషన్ అయి ఆరు నెలలు. ఈ బండి కొన్నదే ఆమె కోసం, చిన్న కార్లలో కిందికి వంగి కూర్చోవడం, మళ్ళీ లేవడం ఆమెకి నరకంగా ఉండేది, ఎత్తుగా ఉన్న ఎస్‌యూవీ అయితే కుర్చీలో కూర్చున్నట్టు ఎక్కి దిగొచ్చని రెండేళ్ళ కిందట హైదరాబాదులో సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. 2016 మోడల్, జర్మనీ కంపెనీది, ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్, టర్బో. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ జబ్బు, అంటే ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించే కాయిల్ పోవడం, ఫలానా కంపెనీ బండ్లకే వస్తుందని కాదు, పెట్రోల్ ఇంజన్ ఉన్న ఏ బండికైనా వస్తుంది, ఎనిమిది లక్షల కారుకీ వస్తుంది ఎనభై లక్షల కారుకీ వస్తుంది. తేడా అంతా బిల్లులోనే. నాకు తెలిసినవాళ్ళలోనే నలుగురైదుగురు, రొయ్యల చెరువులవాళ్ళు, రైస్ మిల్లువాళ్ళు, ఇలాంటి బండ్లు సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు, వాళ్ళందరికీ ఫోన్లో విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ వివరంగా రాసేస్తున్నాను.

లారీ దాటడం మానుకుని నెమ్మదిగా ఎడమ లైన్లోకి వచ్చాను. అరవైలో పోతుంటే వణుకు తగ్గింది, లైటు కూడా కొట్టుకోవడం ఆగి అట్లాగే వెలిగి ఉండిపోయింది. ఉలవపాడు దగ్గర హైవే పక్కన మామిడికాయల షెడ్లు ఉంటాయి కదా, అక్కడ నీడ చూసుకుని ఆపాను. మా ఆవిడ, అమ్మ దిగి బంగినపల్లి బేరం చేస్తున్నారు, నేను బానెట్ ఎత్తి చూస్తున్నాను. చూసేదేముంది, పైన ఒక నల్ల ప్లాస్టిక్ మూత తప్ప ఏమీ కనపడదు ఈ బండ్లలో. చుట్టూ నలుగురు చేరారు. ఒకాయన "డీజిల్ బండ్లకి హీటర్ ప్లగ్గు పోతే ఇట్టాగే అవుతుంది" అన్నాడు, ఇది పెట్రోల్ బండి అంటే నమ్మలేదు. ఇంకొకాయన "పెట్రోల్‌లో ఇప్పుడు ఇరవై శాతం ఇథనాల్ కలుపుతున్నారు గదా, దానివల్లే" అన్నాడు. మూడో ఆయన మంచి మనసుతోనే చెంబుతో నీళ్ళు తెచ్చాడు, ఇంజన్ మీద పోస్తే చల్లబడుతుందని. ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను. కాగుతున్న ఇంజన్ మీద, అందులోనూ కరెంటు సామాను ఉన్నచోట నీళ్ళు పోయకూడదు, ఎవరు చెప్పినా పోయనివ్వకండి.

ఇథనాల్ మాట అప్పుడు నాకూ నిజమే అనిపించింది, మధ్యాహ్నమంతా మనసులో అదే తిరిగింది. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది: పెట్రోల్ చెడ్డదైతే ఆరు సిలిండర్లకూ అదే పెట్రోల్ పోతోంది, ఆరూ మొరాయించాలి. మా బండిలో మొరాయించింది ఒక్కటేనని తర్వాత తేలింది, అలా ఎందుకవుతుంది?

నలభై నిమిషాల తర్వాత స్టార్ట్ చేస్తే బండి ఏమీ జరగనట్టు, వెన్నలాగా ఉంది. వణుకు లేదు. హమ్మయ్య అనుకుని బయల్దేరాం. కాయిల్ పోయేటప్పుడు చాలాసార్లు ఇలాగే మోసం చేస్తుందని నాకు తర్వాత తెలిసింది. వేడెక్కినప్పుడు లోపల పగులు తెరుచుకుంటుంది, చల్లారితే మూసుకుంటుంది, మనం బాగైందనుకుంటాం.

ఇక్కడ కాయిల్ అంటే ఏంటో చెప్పాలి. మా నాయన అంబాసిడర్ నడిపిన రోజుల్లో ఇంజన్ మొత్తానికి ఒకటే కాయిల్, చిన్న డబ్బా అంత ఉండేది, దాన్నుంచి కరెంటుని వంతులవారీగా పంచే డిస్ట్రిబ్యూటర్‌కి, అక్కడినుంచి నాలుగు లావు వైర్లు నాలుగు ప్లగ్గులకి. ఇప్పటి చాలా బండ్లలో డిస్ట్రిబ్యూటర్ లేదు, ఆ వైర్లూ లేవు. ఒక్కో ప్లగ్గు నెత్తిన ఒక్కో కాయిల్ నేరుగా కూర్చుంటుంది. ఆరు సిలిండర్లకి ఆరు కాయిల్స్. లోపల రెండు రాగి తీగల చుట్లు ఉంటాయి, ఒకటి తక్కువ చుట్లతో, రెండోది జుట్టు కన్నా సన్నటి తీగతో వేల చుట్లతో. బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు. మొదటి చుట్టలో కరెంటు పారించి ఠక్కున ఆపేస్తే రెండో చుట్టలో 20 వేలు, 30 వేలు, అవసరమైతే అంతకన్నా ఎక్కువ వోల్టులు పుడతాయి. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సూత్రమే, వేరే ఏమీ లేదు. ఆ వోల్టేజీ ప్లగ్గు కొన దగ్గర మిల్లీమీటరు కూడా లేని సందులోంచి దూకితేనే నిప్పురవ్వ, నిప్పురవ్వ వస్తేనే పెట్రోల్ అంటుకుంటుంది.

ఎన్నిసార్లు దూకాలో లెక్క వేస్తే నాకు ఆశ్చర్యమేసింది. ఇంజన్ నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో కాయిల్ నిమిషానికి వెయ్యిసార్లు రవ్వ కొట్టాలి, గంటకి 60 వేలసార్లు. లక్ష కిలోమీటర్లు గంటకి సగటున యాభై చొప్పున నడిపామనుకుంటే 2,000 గంటలు, అంటే 12 కోట్ల సార్లు. ఇంజన్ నెత్తి మీద, ఆ కాగే వేడిలో కూర్చుని. అది అలసిపోయిందంటే దాన్ని తిట్టబుద్ధి కాదు.

మరి మామూలుగా పోతుంటే బాగుండి, లారీ దాటేటప్పుడే ఎందుకు వణికింది? గట్టిగా తొక్కినప్పుడు టర్బో ఇంకా ఎక్కువ గాలిని సిలిండర్‌లో కూరుతుంది. గాలి ఎంత ఒత్తుగా ఉంటే దాన్ని చీల్చుకుని రవ్వ దూకడానికి అంత ఎక్కువ వోల్టేజీ కావాలి. బలహీనపడ్డ కాయిల్ తేలిక పని చేయగలదు, బరువు పని రాగానే చేతులెత్తేస్తుంది. కొత్తలో ఈ జబ్బు ఎప్పుడూ ఓవర్‌టేక్‌లోనో, ఘాట్ రోడ్డులోనో, ఏసీ వేసుకుని నిండా మనుషులతో పోతున్నప్పుడో బయటపడేది ఇందుకే.

కావలి దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ వణుకు. ఈసారి అరవైలోనే. హైవే మీద కనపడ్డ షెడ్డులో ఆపాను. ఆ అబ్బాయి చిన్న స్కానర్ తెచ్చి స్టీరింగ్ కింద పెట్టాడు, ఏవో రెండు నంబర్లు వచ్చాయి, నేను వంగి చూసేలోపే బటన్ నొక్కి తుడిచేశాడు. లైటు ఆరిపోయింది. "అయిపోయింది సార్, సెన్సార్ ఎర్రర్" అని 500 తీసుకున్నాడు. నేను ఇవ్వకుండా ఉండాల్సింది, అడగాల్సింది కూడా. ఆ నంబర్లే రోగం పేరు. వాటితోపాటు అప్పుడు ఇంజన్ ఎంత వేగంలో ఉంది, ఎంత వేడిగా ఉంది అన్న వివరం కూడా కంప్యూటర్‌లో దాచి ఉంటుంది, కోడ్ తుడిస్తే అదీ పోతుంది. జ్వరం కొలిచి చీటీ చింపేసినట్టు. ఎవరు స్కానర్ పెట్టినా ముందు ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి, తర్వాతే తుడవనివ్వండి.

లైటు ఆరింది కాబట్టి మనసు కుదుటపడింది. కానీ దగదర్తి దాటకముందే మొదలైంది, ఈసారి అసలు వదల్లేదు. నిలకడగా పోతున్నా దడదడ, లైటు టపటపా కొట్టుకుంటోంది, వెనక నుంచి పచ్చి పెట్రోల్ వాసన. మా ఆవిడ "ఇంటికి ఇంకో ముప్పై కిలోమీటర్లే గదా, మెల్లగా పోదాం" అంది. నాకూ అదే ఆశ. అమ్మ ఎండలో ఇబ్బంది పడుతుందన్న భయం ఒకవైపు. కానీ ఆ కొట్టుకునే లైటు గురించి నేను ఒకప్పుడు మాన్యువల్లో చదివింది గుర్తొచ్చింది.

ఈ పోస్టులో మిగతాదంతా మర్చిపోయినా ఈ ఒక్కటి గుర్తు పెట్టుకోండి. ఇంజన్ లైటు నిలకడగా వెలిగితే తొందరలో చూపించుకోమని అర్థం. కొట్టుకుంటుంటే ఇప్పుడే కాలు తియ్యమని, వీలైనంత త్వరగా పక్కకి ఆపమని అర్థం. రవ్వ రాని సిలిండర్‌లోకి కూడా పెట్రోల్ పోతూనే ఉంటుంది. అంటుకోని ఆ పెట్రోల్ పచ్చిగా పొగ గొట్టంలోకి వెళ్ళి, దారిలో ఉన్న క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది. అది లోపల తేనెపట్టులాగా చిన్న చిన్న గదులున్న పింగాణీ దిమ్మ, దానికి ప్లాటినం, పెల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాల పూత ఉంటుంది. ఆ వేడికి ఆ దిమ్మ కరిగి మూసుకుపోతుంది. కాయిల్ వేలల్లో పోయే ఖర్చు, కన్వర్టర్ లక్షల్లో పోయే ఖర్చు. కొన్ని బండ్లలో కంప్యూటరే తెలివిగా ఆ సిలిండర్‌కి పెట్రోల్ ఆపేసి మిగతా వాటితో నడిపిస్తుంది, కానీ నాకు వాసన వస్తోంది కాబట్టి ఆ ధైర్యం కూడా లేదు.

ఆపేశాను.

మధ్యాహ్నం ఒంటిగంటన్నర. ఇంజన్ ఆపితే ఏసీ ఉండదు. రోడ్డు పక్కన టిఫిన్ బంకు నడిపే ఆమె మా అమ్మని చూసి, ఎవరూ అడక్కుండానే తాటాకుల పందిరి కింద నులక మంచం వాల్చి, కుండలో మజ్జిగ ముంచి ఇచ్చింది. "పెద్దామె గదా, ఎండలో నిలబెట్టబాకండి" అని మమ్మల్ని కసురుకుంది కూడా. రెండున్నర గంటలు అమ్మ ఆ మంచం మీదే పడుకుంది. ఆమెకి డబ్బులివ్వబోతే తీసుకోలేదు, మామిడికాయల బుట్టలో సగం అక్కడే దించి వచ్చాం.

1033కి ఫోన్ చేశాను, నేషనల్ హైవే హెల్ప్‌లైన్ అది, పెట్రోలింగ్ బండి వచ్చి వెనక కోన్లు పెట్టింది. తర్వాత ఒక లాగుడు బండి వచ్చింది, ముందు రెండు చక్రాలు కొక్కేనికి ఎత్తి, వెనక చక్రాల మీద లాక్కుపోయే రకం. నేను ఒప్పుకోలేదు. మా బండికి నాలుగు చక్రాలకూ ఇంజన్ నుంచి బలం పోతుంది. అలాంటి బండిని రెండు చక్రాల మీద లాగితే కింద ఆ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేస్, గేర్లు పాడవుతాయి. మొత్తం బండిని పైకి ఎక్కించుకునే ఫ్లాట్‌బెడ్డే కావాలి. నెల్లూరు నుంచి అది వచ్చేసరికి ఇంకో గంటన్నర. ముందు వచ్చిన లాగుడు బండి ఆయనకి కోపం వచ్చింది, నేను ఆయనకి నచ్చజెప్పి డీజిల్ ఖర్చు ఇచ్చి పంపించాను.

మా కంపెనీ సర్వీస్ సెంటర్ నెల్లూరులో లేదు. చెన్నైకి ఫోన్ చేస్తే, బండి చూడకుండానే, "ఆరు కాయిల్స్, ఆరు ప్లగ్గులు మార్చాలి సార్, ఇంజెక్టర్లు కూడా చెక్ చేయాలి" అన్నారు. లక్ష దాటుతుందని చెప్పారు. బండిని అక్కడిదాకా 175 కిలోమీటర్లు మోసుకుపోవడం అదనం. చూడకుండా ఎలా చెప్తారు అని అడిగితే "మామూలుగా అదే ఉంటుంది సార్" అన్నారు. నాకు బాధేసింది అక్కడే. ఆరింటిలో ఏది పోయిందో, ఎందుకు పోయిందో ఎవరికీ అక్కర్లేదు.

బండి నెల్లూరు ఆటోనగర్‌కే తీసుకుపోయాను. అక్కడ ఒక భాయ్ ఉన్నారు, మా నాయన అంబాసిడర్ నుంచి మా ఇంటి బండ్లన్నీ ఆయనే చూశారు, ఆయనకి అరవై ఏళ్ళు దాటాయి, ఇప్పుడు ఆయన కొడుకు ల్యాప్‌టాప్ పెట్టి స్కానింగ్ చేస్తాడు. సాయంత్రం ఆరింటికి బండి దించితే భాయ్ బానెట్ మీద చెయ్యి పెట్టి తీసేశారు.

"ఇప్పుడు ముట్టుకునేది లేదబ్బయ్యా. హెడ్డు అల్యూమినియం. కాలతా ఉన్నప్పుడు ప్లగ్గు ఊడదీస్తే మర ఊడొస్తుంది. పొద్దున రా, ఇద్దరం చూద్దాం."

హెడ్డంటే సిలిండర్ల పైన, ప్లగ్గులు బిగించే దిమ్మ. పొద్దున ఏడింటికి వెళ్ళాను. కొడుకు స్కానర్ పెట్టాడు. కావలిలో తుడిచేసినా ఆ తర్వాత ముప్పై కిలోమీటర్లు నడిచింది కాబట్టి కోడ్‌లు మళ్ళీ వచ్చి కూర్చున్నాయి: పి0300, పి0303. మొదటిదానికి అర్థం ఎక్కడో మిస్ ఫైర్ అవుతోందని, అంటే సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా మండటం లేదని. రెండోదాని చివరి అంకె సిలిండర్ నంబరు, మూడోది. కంప్యూటర్‌కి ఇది ఎలా తెలుస్తుందంటే, ఒక్కో సిలిండర్ మండినప్పుడల్లా ఇంజన్‌లో తిరిగే ఇరుసుకి, అదే క్రాంక్ షాఫ్ట్‌కి, ఒక తోపు పడాలి, ఎవరి వంతులో తోపు పడలేదో సెన్సార్ లెక్క పెడుతుంది. అయితే అది మండలేదు అన్నంత వరకే చెప్తుంది. ఎందుకు మండలేదో, కాయిల్ వల్లా, ప్లగ్గు వల్లా, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ వల్లా, లోపల గాలి సరిగ్గా నొక్కుకోక, అంటే కంప్రెషన్ లేకా, అది చెప్పదు. చాలామంది ఇక్కడే ఆగిపోయి సామాను మార్చడం మొదలుపెడతారు.

నల్ల మూత తీశారు. ఆరు కాయిల్స్ వరసగా. ఒక్కోదానికి కరెంటు క్లిప్పు, అది ఏళ్ళ తరబడి వేడికి పెళుసుబారి ఉంటుంది, గుంజితే విరిగిపోతుంది, భాయ్ బొటనవేలితో నెమ్మదిగా నొక్కి జారనిచ్చారు. ఐదో నంబరు కాయిల్ సులువుగా వచ్చేసింది. మూడోది రాలేదు. కింద రబ్బరు గొట్టం ప్లగ్గుకి అతుక్కుపోయింది. అటూ ఇటూ చిన్నగా తిప్పి తిప్పి పైకి లాగితే బుడుక్కుమని వచ్చింది, కూడా ఇంజన్ ఆయిల్ వాసన.

భాయ్ దాన్ని నా చేతిలో పెట్టారు. రబ్బరు గొట్టం చివర ఆయిల్‌లో నానిన గారెలాగా మెత్తబడి ఉబ్బింది, గోటితో నొక్కితే గుంట పడింది, ఆ గుంట మళ్ళీ నిండలేదు. దాన్ని వెలుతురులో తిప్పి చూపించారు. లోపలి వైపు పై నుంచి కిందికి సన్నటి నల్ల గీత, పెన్సిల్‌తో గీసినట్టు, వంకర్లు తిరుగుతూ. తుడిస్తే పోలేదు. "అదే దారి. ప్లగ్గులోకి దూకాల్సిన కరెంటు ఈ గీత పట్టుకుని హెడ్డులోకి పోతా ఉంది" అన్నారు. కరెంటు ఎప్పుడూ తేలిక దారే వెతుక్కుంటుంది, ఒకసారి ఇలా నల్లదారి కాలిందంటే ఇక ప్రతిసారీ అటే. పైన ప్లాస్టిక్ ఒంటి మీద కూడా వెంట్రుక వాసి పగులు ఉంది.

ఇంత కనపడ్డా ఆయన తొందరపడలేదు. కొడుకు మల్టీమీటర్ పెట్టి "కాయిల్ బానే చూపిస్తా ఉంది నాయనా" అన్నాడు. చల్లగా ఉన్నప్పుడు అది చాలాసార్లు బాగానే చూపిస్తుంది, పైగా ఇప్పటి కాయిల్స్‌లో లోపలే ఎలక్ట్రానిక్స్ ఉంటాయి, మీటరు చెప్పింది వేదం కాదు. భాయ్ మూడో కాయిల్‌ని ఐదులో, ఐదోదాన్ని మూడులో పెట్టారు. ప్లగ్గులు కదపలేదు. ఒకసారికి ఒక్కటే మార్చాలి, రెండూ మారిస్తే తప్పెవరిదో తేలదు. కోడ్ ఫొటో తీసుకుని తుడిచి, బండి ఇరవై నిమిషాలు ఏసీ వేసి నిలబెట్టి కాగనిచ్చి, అప్పుడు మినీ బైపాస్ మీద ఒక రౌండు కొట్టుకొచ్చాం. అయ్యప్పగుడి దగ్గర తొక్కగానే దడదడ. షెడ్డుకొచ్చి స్కానర్ పెడితే పి0305. జబ్బు కాయిల్‌తోపాటు మూడు నుంచి ఐదుకి నడిచి వెళ్ళింది. ఒక్క రూపాయి సామాను కొనకుండా రుజువు దొరికింది. ఆ అంకె మారడం చూసినప్పుడు నాకు కలిగిన నిశ్చింత మాటల్లో చెప్పలేను, ముందు రోజు నుంచి గుండెల మీద ఉన్న బరువు దిగింది.

"కాయిల్ పోయింది సరే. ఎందుకు పోయిందో చూడొద్దా?" అన్నారు భాయ్.

బండి చల్లారాక మధ్యాహ్నం ప్లగ్గులు తీశారు. మూడు, నాలుగు ప్లగ్గులు కూర్చునే గోతుల్లో ఆయిల్ ఊరి ఉంది, టార్చి వేస్తే మెరుస్తోంది. టాపెట్ కవర్ ప్యాకింగ్, అంటే హెడ్డు పైమూత కింద ఆయిల్ కారకుండా ఉండే పట్టీ, గట్టిపడి అక్కడ కారుతోంది. రబ్బరు నానింది అందుకే. నాలుగో కాయిల్ గొట్టం కూడా మెత్తబడటం మొదలైంది, ఇంకా నల్ల గీత పడలేదు, అంతే. ఇక ప్లగ్గులు చూస్తే ఆరూ కంపెనీ నుంచి వచ్చినవే. మా మాన్యువల్లో 60,000 కిలోమీటర్లకి మార్చమని ఉంది, బండి అప్పటికి 84,260 నడిచింది. నాకు బండి అమ్మినాయన ఇచ్చిన ఫైల్లో ఆయిల్ మార్చిన బిల్లులున్నాయి, ఫిల్టర్లున్నాయి, బ్రేక్ ప్యాడ్లున్నాయి, ప్లగ్గుల బిల్లు లేదు. కొన్నప్పుడు ఆ ఫైలు లావు చూసి తృప్తి పడ్డాను తప్ప అందులో ఏది లేదో చూడలేదు. భాయ్ సన్నటి రేకుల గేజీతో ప్లగ్గు సందు కొలిచారు. 0.7 మిల్లీమీటర్లు ఉండాల్సింది 1 దాటింది. కొన అరిగి సందు పెరిగేకొద్దీ కాయిల్ ప్రతి రవ్వకీ ఇంకా ఎక్కువ వోల్టేజీ పుట్టించాలి. అరిగిన ప్లగ్గు, నానిన రబ్బరు, ఈ ఎండలు, మూడూ కలిసి దాని ప్రాణం తీశాయి. కొత్త కాయిల్ ఒక్కటే వేసి పంపేసి ఉంటే అదే ఆయిల్ గోతిలో, అదే అరిగిన ప్లగ్గు నెత్తిన, అది ఇంకో ఏడాది కూడా నిలిచేది కాదని భాయ్ అన్నారు, నేనూ అదే నమ్ముతున్నాను.

సామాను కోసం మొదట ఆన్‌లైన్లో చూశాను, కాయిల్ 1,900కే వచ్చింది, ఆశపడి ఒకటి తెప్పించాను. భాయ్ పాతది ఒక చేతిలో, కొత్తది ఒక చేతిలో పెట్టుకుని తూచి, కొత్తది నాకిచ్చారు. చేతికే తెలుస్తోంది తేలికని. లోపల రాగి తగ్గించారన్నమాట. అట్ట పెట్టె మీద అచ్చు కూడా మసకగా ఉంది. వెనక్కి పంపేశాను. మీకో సంగతి, ఈ కాయిల్స్ బండి కంపెనీ చేయదు, విడిభాగాల కంపెనీలు చేసిస్తాయి, చాలావాటి మీద బండి కంపెనీ గుర్తుతోపాటు అసలు తయారీదారు పేరు, పార్టు నంబరు కూడా ఉంటాయి. అదే నంబరు, అదే తయారీదారు పెట్టెలో కొంటే సరుకు అదే, ధర తక్కువ. మా తోడల్లుడు చెన్నైలో ఉంటాడు, జీపీ రోడ్డులో నమ్మకమైన షాపులో బిల్లుతో కొని, రాత్రి బస్సులో పార్సిల్ వేశాడు, తెల్లారేసరికి నెల్లూరు బస్టాండులో ఉంది. పుదుపేటలో పాత కాయిల్స్ ఇంకా చవగ్గా దొరుకుతాయని ఒకరు చెప్పారు. డోరు, బంపరు లాంటివి పాతవి కొనొచ్చు గానీ, వేడికి అలసిపోయే వస్తువు పాతది కొనడం నాకిష్టం లేదు.

రెండు కాయిల్స్, ఆరు ప్లగ్గులు, టాపెట్ కవర్ ప్యాకింగ్. ఆరు కాయిల్స్ మార్చొద్దా అని మీరు అడగొచ్చు. ఒక వయసువే కాబట్టి మిగతావి కూడా పోతాయి, అన్నీ ఒకసారే మార్చడం మంచిదనేవాళ్ళున్నారు, దూర ప్రయాణాలు ఎక్కువ చేసేవాళ్ళకి అది సరైన మాటే. మా విషయంలో పోవడానికి కారణం కళ్ళెదుట ఉంది, మిగతా నాలుగు గోతులు పొడిగా ఉన్నాయి, రబ్బర్లు గట్టిగా ఉన్నాయి. ప్లగ్గులు మాత్రం ఆరూ మార్చాల్సిందే, అందులో రెండో మాట లేదు.

ప్యాకింగ్ మార్చి, గోతులు గుడ్డతో తుడిచి, గాలి కొట్టి, ప్లగ్గులు ముందు చేత్తోనే తిప్పి కూర్చోబెట్టారు. ఆఖరి బిగింపుకి, ఎంత బిగిసిందో కొలిచి చెప్పే టార్క్ పానా పక్క షెడ్డు నుంచి అరువు తెచ్చారు. చేతి అంచనాతో బిగిస్తే ఎక్కువైతే మర పోతుంది, తక్కువైతే ప్లగ్గు వేడి హెడ్డులోకి దిగక కాలిపోతుంది. రబ్బరు గొట్టం లోపల కరెంటు పారనివ్వని తెల్లటి డైఎలక్ట్రిక్ గ్రీజు కొంచెం పూశారు, మళ్ళీ అతుక్కోకుండా. చివర్లో స్కానర్ పెట్టి క్యాటలిటిక్ కన్వర్టర్‌కి సంబంధించిన కోడ్ ఏమైనా ఉందా అని ప్రత్యేకంగా చూడమన్నాను. ఏదీ లేదు. దగదర్తి దగ్గర ఆపినందుకు దక్కిన ఫలితం అది.

సామానుకీ, లేబర్‌కీ కలిపి 35,100, ఫ్లాట్‌బెడ్‌కి 6,000. కావలిలో ఇచ్చిన 500 ఇందులో కలపలేదు.

జూన్ రెండో వారంలో అమ్మని మోకాలి చెకప్‌కి తీసుకెళ్ళి, అక్కడినుంచి అటే దగదర్తి పోయాం, ఆ టిఫిన్ బంకు ఆమెకి చీర పెట్టాలని అమ్మ పట్టు. దారిలో కోవూరు దాటాక రెండు లారీలు వరసగా ఉంటే కావాలనే గట్టిగా తొక్కి దాటాను. అమ్మ వెనకనుంచి ఏమీ అడగలేదు, కిటికీలోంచి పొలాలు చూస్తూ ఉంది.

ఇంకా పనికొచ్చే పాత కాయిల్, అదే నాలుగో నంబరుది, గుడ్డలో చుట్టి డిక్కీలో పెట్టాను, దానితోపాటు కాయిల్ బోల్టుకి సరిపోయే పానా, ఫోన్‌కి కలిపి కోడ్ చదువుకునే చిన్న స్కానర్. దారిలో ఇంకోటి పోతే ఇంటికి చేరడానికి ఆ రబ్బరు చాలు. బానెట్ కింద ఎయిర్ ఫిల్టర్ డబ్బా మీద భాయ్ కాగితం టేపు అంటించి, బాల్ పెన్నుతో రాశారు: 84,260, ప్లగ్గులు 6, కాయిల్ 3, 4. దీపావళి ముందు ఒకసారి బండి తీసుకురమ్మన్నారు, కాయిల్స్ పైకి తీసి ఆ రెండు గోతుల్లో మళ్ళీ ఆయిల్ ఊరిందేమో టార్చి వేసి చూస్తారట.